దింపుకి ముందు ఖాళీ

గోదారి దాటించే పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. కోటిపల్లి రేవులో ఎవరిదో ఇటుకల ట్రాక్టరు ఎక్కించలేక నానా తంటాలు పడుతున్నారట, అది ఎక్కితే గాని పంటు కదలదట, ఆ కబురు చెప్పి ముక్తేశ్వరం రేవులో టికెట్లు కోసే ఆయన కాస్త నీడ చూసుకుని చక్కా పోయేడు. బాక్సులు కట్టిన వ్యాను ముందు సీట్లో, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, హెడ్‌ఫోన్లు చెవులకి బిగించుకుని కూర్చున్న బేబికి ఎదురుగా గోదారి కనపడుతోంది గాని వినపడటం లేదు. వినపడేదల్లా తను కట్టిన మోత. ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ అని పూర్తి పేరు పెట్టి చెబితే, సౌండ్ ఓనరు గోవిందరాజులు గారు "అంత పేరు మనకెందుకమ్మా, డీజే మోత అను, జనానికి అర్థమవుద్ది" అంటారు. సరే, మోతే అనుకుందాం, పాట అనడానికి అందులో పల్లవీ లేదు చరణమూ లేదు, ఉన్నదల్లా దెబ్బ, దెబ్బ వెనకాల దెబ్బ, దాని కింద పాకే బేస్, అదంతా ఎక్కి ఎక్కి ఎక్కి ఒకచోట టక్కున ఆగడం, ఆ ఆగిన చోట ఒక ఖాళీ, ఆ ఖాళీ తరవాత ఒక్కసారిగా మొత్తం వచ్చి మీద పడటం. ఆ పడటాన్ని బేబి దింపు అంటుంది. పేచీ అంతా దింపుకి ముందున్న ఆ ఖాళీ మీదే వచ్చింది.

"పంటు వచ్చేలోగా ఆ ఖాళీ పూడ్చెయ్యమ్మా బేబమ్మా," అని ఇందాక కిటికీలోంచి తల దూర్చి చెప్పేరు గోవిందరాజులు గారు. ఎంత మర్యాదగా చెప్పేరంటే, పక్కనున్నవాడికి అది బెదిరింపని తెలియదు. "పూడిస్తే సాయంత్రం కాలేజీలో నీ మోతే వేద్దాం. పూడ్చలేదనుకో, నా పెన్‌డ్రైవ్ ఎలాగూ ఉంది, నువ్వు హాయిగా ఇంటికెళ్ళి రెస్టు తీసుకుందువు గాని. రేపట్నించి కూడా." రేపట్నించి కూడా! ఆ చివరి ముక్క నోట్లో పూతరేకు పెట్టినంత మెత్తగా అన్నారు మహానుభావుడు. ఈ గోదారి సీమలో మనిషిని పనిలోంచి పీకెయ్యాలన్నా అమ్మా, బాబూ అనే పీకేస్తారు మరి. దానికి బేబి ఏమందీ? "ఆయ్" అంది. ఛీ, ఆ మాటే అంది. నోట్లోంచి దానంతటదే ఊడి పడుతుంది ఆ మాట. వైర్లు చుట్టమంటే ఆయ్, బాక్సులు తుడవమంటే ఆయ్, ఫ్లెక్సీలో నీ పేరు వెయ్యలేదు ఏమనుకోకమ్మా అంటే ఆయ్, ఆడపిల్లవి కదా స్టేజీ మీద కనపడకుండా కాస్త వెనక్కి కూర్చో అంటే ఆయ్. ఒప్పుకున్నానని కాదండీ బాబూ, విన్నానని! కాని వినేవాళ్ళకి ఆ తేడా ఎందుకు, ఆయ్ అంటే చాలు, పని అయిపోయిందనుకుని వెళ్ళిపోతారు. ఆయన కూడా అలాగే వెళ్ళి రేవులో టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నారు.

ఆయన భయం ఆయనది, కాదనకూడదు. రామచంద్రపురం కాలేజీ గ్రౌండులో ఇవాళ రాజమండ్రి వాళ్ళ సెట్టు కూడా దిగుతోంది, స్టేజీకి ఆ పక్క వాళ్ళు, ఈ పక్క వీళ్ళు. వాళ్ళ బాక్సులు నిలబెడితే ఇంటిగోడంత ఉంటాయి, పక్కన వీళ్ళవి వంటింటి అలమరాలాగ ఉంటాయి. మరి తక్కువ బాక్సులున్నవాడు ఏం చెయ్యాలి? పెంచాలి! ఆయనకి తెలిసిన విద్య అదొక్కటే, దెబ్బ చెవికి ఆనలేదా, పెంచు, బేస్ ఆనలేదా, అదీ పెంచు, అప్పుడు మిగతాది ఆనటం లేదా, దాన్నీ పెంచెయ్యి, అన్నీ పెంచేక ఏదీ ఆనదు, జనం చెవులు మూసుకుంటారు గాని కాళ్ళు కదపరు. బేబికి మాత్రం మొదట్లో ఏం తెలుసు, అమలాపురంలో ఎర్రవంతెన దగ్గర మేడ మీద గదిలో తలుపులు వేసుకుని కట్టిన మొదటి మోత గదిలో వింటే ఉరుము, బయట గ్రౌండులో వేస్తే దోమ. ఇంటికొచ్చి ఏడ్చింది, నిజంగానే దిండులో మొహం పెట్టి ఏడ్చింది, ఏడ్చి లేచి మళ్ళీ కూర్చుంది. చెడగొట్టగా చెడగొట్టగా ఒకటి చిక్కింది. దెబ్బా బేసూ ఒకే లోతులో ఉంటాయి, రెండూ ఒకేసారి పైకొస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఏటిగట్టు మీద రెండు బళ్ళు ఎదురైతే ఎవరో ఒకరు పక్కకి ఒరిగి దారివ్వాలి గదా, లేకపోతే ఇద్దరూ చీకటిపడేదాకా అక్కడే. దెబ్బ పడే క్షణంలో బేస్ ఒంగాలి, దెబ్బ దాటిపోయేక లేవాలి. మధ్యలో ప్రతి వాయిద్యం అడుగునా పేరుకునే గుడగుడని కోసి పారెయ్యాలి. దింపు పెద్దదిగా వినపడాలంటే దింపుని పెంచక్కర్లేదు, దానికి ముందుది తగ్గాలి, తగ్గి తగ్గి చివరికి ఏమీ లేకుండా పోవాలి. అదీ ఖాళీ సంగతి. ఇదంతా ఓసారి ఓపిగ్గా విప్పి చెబితే గోవిందరాజులు గారు పగలబడి నవ్వేరు. "తగ్గిస్తే పెరుగుద్దా అమ్మా! మా ఆవిడ కూరలో ఉప్పు తగ్గించింది, రుచేం పెరగలేదు మరి," అన్నారు. వెటకారానికి మాత్రం ఏ బాక్సులూ అక్కర్లేదు ఆయనకి.

వాడపల్లి దగ్గర మొన్నటి పెళ్ళి రిసెప్షన్లో ఏం జరిగింది? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. షామియానా నిండా జనం, పెళ్ళికొడుకు స్నేహితులు చొక్కాలు తడిసిపోయేలా గెంతుతున్నారు, మోత ఎక్కుతోంది, ఎక్కుతోంది, ఖాళీ వచ్చింది. వచ్చిందా, మిక్సర్ పక్కన నిలబడ్డ ఈయనగారి ప్రాణం గిలగిల్లాడిపోయింది, సౌండు పోయింది, కరెంటు పోయిందో వైరు ఊడిందో అనుకుని, ఆత్రంగా మెయిన్ నాబ్ పట్టుకుని చివరికంటా తిప్పేసేరు. "బాబాయి గారూ, వద్దు," అని బేబి అనేలోగా దింపు వచ్చి పడింది, చివరికంటా తిప్పిన నాబ్ మీద పడింది, రెండు బాక్సుల్లో స్పీకర్లు గుడ్డపీలికల్లాగ చిరిగిపోయేయి, కాలిన వాసన, పొగ, గెంతేవాళ్ళు గెంతినట్టే ఆగిపోయి చూడటం. పెళ్ళికొడుకు నాన్నగారు వచ్చి ఏంటండీ ఇది అంటే గోవిందరాజులు గారు రెండు చేతులూ జోడించి, "తప్పు నాదేనండి, ఆడపిల్ల చేతికిచ్చేను," అన్నారు. తప్పు నాదే! తప్పు తనదే అంటూ తప్పంతా ఎంత ఒడుపుగా అవతలకి నెట్టేరో చూడండి. ఆ పక్కనే నిలబడి ఉంది బేబి. "ఖాళీ పెట్టిందండి మధ్యలో, ఎందుకు పెట్టిందో దానికే తెలియాలి," అన్నారు. నా ఖాళీ కాదండి, మీ చెయ్యి, అని నోటి చివరిదాకా వచ్చింది. బయటికి మాత్రం వేరే మాట వచ్చింది. ఏ మాటో చెప్పక్కర్లేదు.

ఫోను కుయ్యిమంది. హెడ్‌ఫోన్లలో మోత ఒక పక్కకి తగ్గి అమ్మ గొంతు వచ్చింది, కువైట్ నుంచి వాయిస్ మెసేజి. అమ్మ ఎప్పుడూ వంటింట్లో కుళాయి విప్పి, ఆ నీళ్ళ చప్పుడు మాటున మాట్లాడుతుంది, మేడంకి వినపడకుండా. వినపడితే మాత్రం ఆవిడకి తెలుగు వచ్చా చచ్చా, అయినా భయం. "బేబీ, తిన్నావా? మేడంగారి చెల్లెలు ఇవాళ మధ్యాహ్నం భోజనానికొస్తది. వాళ్ళింట్లో పనికి నీ సంగతి ఇవాళే తేల్చెయ్యమంటంది, లేకపోతే శ్రీలంక పిల్లని పెట్టుకుంటాదంట. నేను ఆవిడ ఎదురుగానే ఫోన్ చేస్తాను, ఆయ్ అనెయ్యమ్మా, చాలు. రెండు వీధుల అవతలే వాళ్ళిల్లు. శుక్రవారం శుక్రవారం ఇద్దరం కలిసి అన్నం తినొచ్చు." అంతే, కుళాయి కట్టేసిన చప్పుడు, అయిపోయింది. ఇద్దరం కలిసి అన్నం తినొచ్చట. అదొక్కటి చెబుతుంది అమ్మ, జీతం మాట ఎత్తదు, బాక్సుల వెనకాల తిరిగే పిల్లని లోకం ఏమంటుందో ఆ మాటా ఎత్తదు, అన్నం మాట ఎత్తుతుంది. అమ్మ ఎదురుగా కూర్చుని పప్పుచారు పోసుకుని ఎన్నాళ్ళయిందో. వెళ్ళిపోతే? ఈ గోవిందరాజులు గారి మొహం చూడక్కర్లేదు, ఈ ఖాళీ గొడవా అక్కర్లేదు, ఒక ఇల్లు తుడిచి ఒక పిల్లని ఎత్తుకుని శుక్రవారం అమ్మ దగ్గరికి పోతే, దానికేం, బోలెడుమంది వెళ్ళటం లేదూ? మా వీధిలో సగం ఇళ్ళు ఆ డబ్బుతోనే లేచేయి. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. అమ్మ పడలేదు, నేనెందుకు పడతాను? కాని నాకు వచ్చిన పని ఇది. ఇది నాకు వచ్చు. ఇది వచ్చినదాన్ని ఇది మానేసి ఎందుకు పోవాలి, ఎవడి నాబ్ కోసం పోవాలి?

పోయిన నెల వచ్చిన మెసేజి ఇంకా దాచుకుంది. అందులో కూడా కుళాయి, తిన్నావా, నాన్న మందులేసుకుంటన్నాడా, అన్నీ అయ్యేక, లోపల్నించి మేడం ఎవర్నో కేకేసింది, అమ్మ ఠక్కున "ఆయ్!" అంది. అని, నాలిక్కరుచుకుని, "యస్ మేడం," అంది. అరబ్బీవాళ్ళకి ఆయ్ అంటే ఏం తెలుస్తుంది, పాపం అలవాటుగా ఊడి పడింది. అది విని బేబి నవ్వింది ముందు. తరవాత ఒకసారి అమ్మే నవ్వుతూ చెప్పింది, ఆ ఇంట్లో చిన్నపిల్లలిద్దరికీ అమ్మ పేరు చిన్నమ్మలు అని తెలియదట, వాళ్ళు "ఆయ్" అని పిలుస్తారట. నీళ్ళు కావాలంటే ఆయ్, బూట్లు కావాలంటే ఆయ్. ఈవిడ ఎన్నిసార్లు ఆ మాట అనుంటే అది ఈవిడ పేరనుకున్నారు పిల్లలు! ఆ కబురు విన్నాక బేబికి ఆ పూట అన్నం సయించలేదు. అమ్మకి అది తమాషా, "పిల్లలే, ముద్దుగా పిలుస్తారు," అంటుంది. ముద్దా! మనిషి పేరు ఆయ్ అయిపోతే ముద్దా?

ఎందుకంత మండిందంటే, ఆ మాట ఒకప్పుడు అలా ఉండేది కాదు. నాన్న సూర్యారావు కొబ్బరి చెట్లెక్కేవాడు, ముమ్మిడివరం చుట్టుపక్కల తోటల్లో కాయల దింపు అంటే నాన్నకే కబురొచ్చేది. నాన్న పైన, అమ్మ కింద కాయలు ఏరడానికి, అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని బేబి. చెట్టు తల మీది మొవ్వు దాకా ఎక్కేక నాన్న ఆకుల మధ్యలో ఎక్కడున్నాడో కనపడేవాడు కాదు, గొంతు మాత్రం వచ్చేది, "దించనా?" అని. అమ్మ చుట్టూ చూసేది. దూడ ఎక్కడుంది, పక్కింటి ముసలాయన కాలవ దగ్గరే ఉన్నాడా, పిల్లలెవరూ పరిగెత్తుకు రావటం లేదు గదా. అన్నీ చూసుకుని, బేబి తలని తన పొట్టకేసి గట్టిగా అదుముకుని, తోటంతా వినపడేలా ఒక్క కేక వేసేది, "ఆయ్!" అని. ఆ కేక పడితేనే కత్తి పడేది. ఆసామి నిలబడి తొందరపెట్టినా సరే, అమ్మ అనకపోతే పైన నాన్న చెయ్యి కదిలేది కాదు. ఇక అప్పుడు, కత్తి టక్కుమన్నాక, గెల తెగింది గాని ఇంకా నేలకి రాలేదు, ఆ మధ్యలో, ఎంతసేపో కాదు, ఊపిరి పట్టేంతసేపు, తోటలో ఏ చప్పుడూ ఉండేది కాదు. అమ్మ పొట్ట కూడా కదలకుండా బిగుసుకునేది, బేబి చెంపకి తెలిసేది ఆ బిగువు. అప్పుడు ధబ్. చెవికన్నా ముందు అరికాళ్ళకి తెలిసేది. బురదలో పడ్డ గెల దెబ్బ అరికాల్లోంచి మోకాలికి, మోకాల్లోంచి కడుపులోకి ఎక్కి వచ్చేది. బేబి ఆ తరవాత విన్న బేస్ అంతా ఆ బేస్ తరవాతిదే. నాన్న మోకాళ్ళు అరిగిపోయి చెట్టెక్కడం మానేసేడు, అమ్మ కువైట్ వెళ్ళింది, తోటల్లో దింపుకి వేరేవాళ్ళొచ్చేరు, బేబి మాత్రం మొన్న ఒకరోజు ఫోను పట్టుకెళ్ళి ఆ ధబ్‌ని పట్టుకొచ్చింది. పట్టుకొచ్చి తన దెబ్బ అడుగున అతికించింది. కువైట్ వంటింట్లోంచి ఊడిపడ్డ ఆ ఆయ్‌ని కత్తిరించి, కుళాయి చప్పుడంతా ఒలిచేసి, ఖాళీకి సరిగ్గా ముందు పెట్టింది. దానికి ఏ హంగూ తగిలించలేదు, గొంతు పెంచలేదు, లోయలో అరిచినట్టు మారుమోగించనూ లేదు, ఉన్నది ఉన్నట్టు. ఇప్పుడు మళ్ళీ అమ్మ ఆయ్ అంటేనే పడుతుంది.

మరి దీన్ని పూడ్చెయ్యమంటారు ఈయన. సరే, పూడిస్తే ఎలా ఉంటుందో చూద్దాం, ప్రాణం పోదు గదా. బేబి వేళ్ళు వాటంతటవే కదిలేయి. ఖాళీలోకి ఒక తప్పెట వరస లాగింది, దాని మీద ఈల లాంటి సన్నాయి ఒకటి అడ్డంగా వేసింది, విన్నది. బాగానే ఉంది. ఛ, బాగానే ఉంది, అదే దాని రోగం! ఎక్కడా ఊపిరి ఆగలేదు, ఎవరికీ ఏ అనుమానమూ రాదు, పెళ్ళిళ్ళలో ఐస్‌క్రీం తింటూ కబుర్లాడుకోవచ్చు దీన్ని పెట్టుకుని. అమ్మ ఆయ్ ఆ గోలలో ఎక్కడో మునిగిపోయింది, వంటింట్లో కుళాయి కింద మునిగిపోయినట్టే. బేబి రెండూ చెరిపేసింది. తప్పెట పోయింది, ఈల పోయింది, తెర మీద మళ్ళీ ఆ తెల్లటి జాగా. పెన్‌డ్రైవ్ వేసుకోమను. రేపట్నించీ, ఎల్లుండి నించీ కూడా వేసుకోమను. ఏం చేస్తారు, బాక్సులాయనవి, వ్యాను ఆయనది, రేవు ఎవరిదో, గోదారి ఎవరిదో, ఈ ఖాళీ నాది. ఇది ఇచ్చేది లేదు.

"బేబి గారండి, పంటొచ్చేసిందండి," అంటూ డ్రైవరు ఏసుదాసు తలుపు తీసుకుని పక్క సీట్లో కూలబడ్డాడు. నిజమే, ఇటుకల ట్రాక్టరు ఇవతల ఒడ్డున రొప్పుతూ పైకెక్కుతోంది. వ్యాను పలకల మీదుగా పంటు ఎక్కింది. వెనకాల రెండు మోటారు సైకిళ్ళు, రొయ్యల బుట్టతో ఒకావిడ, మనవరాల్ని ఎత్తుకున్న ఒక పెద్దాయన, అదే కాలేజీకి పోతున్నట్టున్నారు, ముస్తాబై వచ్చిన ఆడపిల్లలు ఓ గుంపు. పంటు నడిపే సరంగు ఇంజిను తిప్పేడు. గోవిందరాజులు గారు టీ మూతి తుడుచుకుంటూ కిటికీ దగ్గరికొచ్చేరు.

"పూడ్చేవా అమ్మా?"

"లేదండి."

ఆయన ఇంకోసారి అడిగేరు. ఆయ్ అనే మాటకి చెవులు అలవాటుపడిపోయి, అది కానిది ఏదన్నా ఆ చెవుల్లోకి సరిగ్గా దూరదు. "పూడ్చలేదండి, పూడ్చను కూడా," అంది బేబి, హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని. "మీరు దీన్ని ఒక్కసారి కూడా సరిగ్గా వినలేదు బాబాయి గారూ. వాడపల్లిలో వినలేదు, తిప్పేసేరు. ఇక్కడ వినండి. వెనక తలుపులు తీసి ఇక్కడే వేస్తాను. ఇక్కడ గోడల్లేవు, చెట్లు లేవు, మోత తిరిగొచ్చి సాయం చెయ్యడానికి ఏమీ లేదు, అంతా నీళ్ళు. ఇక్కడ గుద్దితే గ్రౌండులో గుద్దినట్టే. గుద్దకపోతే అవతలి ఒడ్డున నేనే దిగిపోతాను, మీరు చెప్పక్కర్లేదు." అమ్మాయికి ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు ఆయన ఏసుదాసు కేసి చూసేరు. ఏసుదాసు వెళ్ళి జనరేటరు తాడు లాగేడు.

వెనక తలుపులు బార్లా తెరిచి రెండు బాక్సుల్ని జనం వైపు తిప్పేరు. మిక్సర్ పక్కన బేబి, ఆ పక్కనే గోవిందరాజులు గారు, ఆయన చెయ్యి అప్పుడే నాబ్‌కి జానెడు దూరంలో తచ్చాడుతోంది. బేబి మొదలెట్టింది. దెబ్బ, దెబ్బ, ఆడపిల్లలు తిరిగి చూసేరు, ఒకమ్మాయి భుజం కదిపింది, రొయ్యలావిడ "మా తల్లే, ఏం పెళ్ళే ఇది," అంది. పెద్దది కాదు మోత, పెద్దగా చెయ్యలేదు, కావాలనే సన్నబడుతోంది, ఎక్కుతూ సన్నబడుతోంది, బేస్ పోయింది, దెబ్బ పోయింది, చిన్న చిటికె ఒకటి పరిగెత్తి పరిగెత్తి, గోవిందరాజులు గారి వేళ్ళు నాబ్ మీద పడనే పడ్డాయి, అప్పుడు గోదారి మధ్యలో అమ్మ గొంతు, "ఆయ్!"

ఖాళీ. ఇంజిను టకటకా, నీళ్ళూ, అంతే. అప్పుడు జరిగింది బేబి అనుకోని సంగతి, కలలో కూడా అనుకోని సంగతి. మనవరాల్ని ఎత్తుకున్న పెద్దాయన పిల్ల తలని గుండెకేసి అదిమేసి మెడ ఒంచేడు. రొయ్యలావిడ బుట్ట వదిలేసి కొంగు నెత్తిన వేసుకుని పైకి చూసింది. మోటారు సైకిలాయన ఒక అడుగు వెనక్కేసేడు, ఇంకొక్కడుగు వేస్తే నీళ్ళలో ఉండేవాడు. చుట్టూ కనుచూపు మేర ఒక్క చెట్టు లేదు, పైన ఆకాశం తప్ప ఏమీ లేదు, అయినా అందరూ పైకే చూసేరు! కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన గోవిందరాజులు గారి చెయ్యి నాబ్ మీంచి దానంతటదే లేచి నెత్తి మీదకి పోయింది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డారాయన.

దింపు పడింది. పంటు చెక్కల్లోంచి అరికాళ్ళలోకి, అరికాళ్ళలోంచి కడుపులోకి, ఎవరూ ముట్టుకోని నాబ్ మీంచి, రెండంటే రెండు బాక్సుల్లోంచి. పెద్దాయన నడుం ఎత్తి "హారినీ!" అన్నాడు, చంకలో పిల్ల పకాలుమంది. ఆడపిల్లలు కేరింతలు కొట్టి గెంతడం మొదలెట్టేరు, రొయ్యలావిడ నెత్తిన కొంగు తీసి నడుముకి దోపింది, పంటు ఒక పక్కకి ఒరిగింది. "గెంతకండమ్మా, మునిగిపోతాం, మీ దణ్ణం!" అని సరంగు మొత్తుకుంటున్నాడు, ఎవరు వింటారు. గోవిందరాజులు గారు కళ్ళు తెరిచి, నెత్తి మీద చేతులు చూసుకుని, వాటితో ఏం చెయ్యాలో తెలియక క్రాపు సవరించుకున్నారు. బేబి కేసి చూసేరు. "ఇంకోసారి వెయ్యమ్మా," అన్నారు చివరికి. అని, ఎవరూ అడక్కుండానే నాబ్‌కి దూరంగా రెండడుగులు జరిగేరు.

రెండోసారి మోత ఎక్కుతుండగా ఫోను మోగింది. అమ్మ. బేబి ఒక చెవి మూసుకుని రెండో చెవికి ఫోను ఆనించింది. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియటం లేదు.

"ఆవిడ ఎదురుగానే ఉందే బేబీ, ఏం చెప్పమంటావు?"

"రానని చెప్పమ్మా!"

"ఏంటే? వినపడతల్లేదు, ఏంటే ఆ మోత?"

"రాను! రానని చెప్పు మీ మేడం చెల్లెలికి!" అని అరుస్తుండగానే వెనకాల మోత సన్నబడింది, చిటికె పరిగెత్తింది, మళ్ళీ ఆ కేక పడింది, "ఆయ్!" ఆ వెంటనే ఖాళీ. ఫోనులో అమ్మ ఊపిరి ఆగిపోవడం బేబికి తెలిసింది. కువైట్‌లో, మేడం ఎదుట, మేడం చెల్లెలి ఎదుట, అమ్మ గొంతు చించుకుని అరిచింది.

"ఒసేయ్ బేబీ, తప్పుకోవే!"

"తప్పుకోనమ్మా," అంది బేబి. దింపు పడింది.